కడపలో శీతాకాల సాంస్కృతిక కార్యక్రమాలు

రాయలసీమలోని కడప నగరంలో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు సాహిత్య సభలు, ఆలయ ఉత్సవాలు జరుగుతాయి. కొన్ని సంవత్సరాలలో ఉరుసు కూడా ఈ కాలంలోనే వస్తుంది. ఇవి వేర్వేరు కాలగణనలను అనుసరిస్తాయి. అందువలన కొన్నిటి తేదీలు స్థిరంగా ఉండగా, మిగిలినవి ఏటా మారుతాయి.

బ్రౌన్ జయంతి

నిఘంటుకర్త చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి, తరువాత ఇక్కడ బంగళా కొని, పండితులను నియమించి తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేశాడు. ఆ బంగళా శిథిలమైపోగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషి వలన అదే స్థలంలో బ్రౌన్ గ్రంథాలయం వెలసింది. ఇది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని భాషా పరిశోధన కేంద్రం. ఇక్కడ ఏటా నవంబరు 10న బ్రౌన్ జయంతి జరుపుతారు.

దేవుని కడప బ్రహ్మోత్సవాలు

అన్నమయ్య కీర్తించిన దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయంలో మాఘమాసంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. రథసప్తమి నాడు జరిగే రథోత్సవం వీటిలో ప్రధానమైనది. చాంద్రమానంలో అధికమాసం చేరుస్తారు కనుక తేదీ మారినా ఇది శీతాకాలాన్ని దాటిపోదు.

పెద్ద దర్గా ఉరుసు

అమీన్ పీర్ దర్గాను పెద్ద దర్గా అని కూడా పిలుస్తారు. ఉరుసు సందర్భంగా ఇక్కడ ముషాయిరా నిర్వహిస్తారు. 2024 నవంబరులో జరిగిన ముషాయిరాకు నటుడు రామ్ చరణ్ హాజరయ్యాడు. హిజ్రీ కాలగణనలో అధికమాసం లేదు. అందువలన ఉరుసు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ, క్రమంగా వర్షాకాలంలోకి, ఆపై వేసవిలోకి వెళ్తుంది. తిరిగి అదే ఋతువుకు రావడానికి సుమారు 33 సంవత్సరాలు పడుతుంది.