గబ్బిలాల లెక్క

ఇంగ్లండులో పాత ఇంటి పైకప్పు విప్పే ముందు చాలాసార్లు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: లోపల గబ్బిలాలున్నాయా? వాటిని చంపడం, పట్టుకోవడం, వాటి నివాసాలను పాడుచేయడం చట్టం ప్రకారం నేరం. చట్టం సరే. చీకట్లో, మన చెవికి అందని గొంతుతో తిరిగే ప్రాణి ఉందో లేదో తేల్చేదెవరు? ఆ పని నేర్చుకుందామని మా ప్రాంతంలోని గబ్బిలాల బృందంలో చేరాను. చేరాక, ఆ పద్ధతి వెనక ఉన్న రెండొందల ఏళ్ళ కథ నన్ను పట్టుకుంది.

1793 ప్రాంతంలో ఇటలీలోని పావియాలో స్పల్లంజాని అనే శాస్త్రవేత్త గబ్బిలాల కళ్ళు తీసేసి వదిలాడు. చర్చి గంటగోపురంలో వాటిలో కొన్నిటిని మళ్ళీ పట్టి కోసి చూస్తే, కడుపు నిండా పురుగులే! చూపు లేకుండానే వేటాడాయన్నమాట. ఆ తర్వాత జెనీవా వైద్యుడు లూయీ జ్యూరిన్ చెవులు మూసి చూశాడు. అవి అడ్డొచ్చినవాటినల్లా గుద్దుకున్నాయి. అయినా పండితులు నమ్మలేదు. చప్పుడే లేనిచోట చెవికేం పని? స్పర్శతోనే దారి తెలుస్తుందని కువియే తేల్చేశాడు. ఆ మాటే నూరేళ్ళకు పైగా చెల్లింది.

1938లో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్ కొన్ని గబ్బిలాలను పట్టుకెళ్ళి, భౌతికశాస్త్రవేత్త పియర్స్ తయారుచేసిన యంత్రం ముందు పెట్టాడు. మన చెవి దాదాపు 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఆ యంత్రం అంతకు పైనున్న ధ్వనుల్ని పట్టగలదు. నిశ్శబ్దమనుకున్న గది నిండా అరుపులే. 1941లో గ్రిఫిన్, గలాంబోస్ తమ ప్రయోగాలు ప్రచురించారు: చెవులు మూసినా, నోరు కట్టినా గబ్బిలం దారి తప్పుతుంది. అంటే తన కేక ప్రతిధ్వనిని వింటూ ఎగురుతుంది. నేడు మా చేతుల్లో ఉండే డిటెక్టర్లకు మూలం పియర్స్ యంత్రమే.

అదే 1941లో మన జాషువా గారి ‘గబ్బిలం’ వచ్చింది. తన గోడు వినే మనిషి లేక, శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకునే అస్పృశ్యుడి కథ అది. ఈ రెండిటికీ సంబంధం లేదు. కానీ వినకపోతే లెక్కలోకి రారన్న సంగతి మాత్రం రెండుచోట్లా ఉంది.

గబ్బిలాల విషయంలో ఇది అక్షరాలా జరిగింది. బ్రిటన్‌లో ఎక్కువగా కనబడే పిపిస్ట్రెల్ బరువు ఐదారు గ్రాములు. చాలాకాలం దాన్ని ఒకే జాతిగా లెక్కేశారు. 1990లలో బ్రిస్టల్ పరిశోధకులు జాగ్రత్తగా వింటే, కొన్ని 45 కిలోహెర్ట్జ్ దగ్గర, కొన్ని 55 దగ్గర అరుస్తున్నాయి. గూళ్ళు కూడా వేర్వేరు. 1997లో డీఎన్ఏ కూడా అవి రెండు జాతులేనని చెప్పింది. అప్పటిదాకా వేసిన లెక్కల్లో ఆ రెండూ కలిసిపోయే ఉన్నాయి.

ఈ విద్య ఒక్క పుస్తకంతో వచ్చేది కాదు. సూర్యాస్తమయానికి ముందే ఇంటి బయట కుర్చీ వేసుకుని కూర్చుని, బయటికొచ్చే ప్రతి గబ్బిలాన్నీ లెక్కపెట్టడంతో మొదలవుతుంది. 1996లో మొదలైన జాతీయ పరిశీలనలో మామూలు జనం ఇలాగే లెక్కలు పంపుతున్నారు. బయట నిలబడి చూడ్డానికీ, వినడానికీ అనుమతి అక్కర్లేదు. గూటిలోకి వెళ్ళాలన్నా, చేత్తో పట్టుకోవాలన్నా లైసెన్సు కావాలి. అది రావాలంటే లైసెన్సున్న వాళ్ళ వెంట తిరిగి పని నేర్చుకోవాలి. పట్టుకునేవాళ్ళు రేబీస్ టీకా కూడా వేయించుకోవాలి. 2002లో స్కాట్లాండులో గబ్బిలాలతో పనిచేసే ఒకాయన వాటినుంచి సోకిన రేబీస్ జాతి వైరస్‌తో చనిపోయాడు.

ఇంత శిక్షణ ఎందుకంటే, ‘ఇక్కడ లేవు’ అని రాయడం చాలా పెద్ద మాట. ఇక్కడి తల్లి గబ్బిలం ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. ఆ మాట తప్పయితే, తల్లులంతా చేరిన ఒక గూడు పైకప్పుతో పాటు పోతుంది. అది మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. 2023 నాటి మార్గదర్శకాలు కంటిని మాత్రమే నమ్ముకోకుండా రాత్రిపూట చూడగల కెమెరాలు కూడా పెట్టమంటున్నది అందుకే.

మీరున్న ఊళ్ళో ఇలాంటి బృందం ఉంటే ఒక వేసవి సాయంత్రం వెళ్ళి చూడండి. డిటెక్టర్‌ను 45 దగ్గర పెట్టి, కాసేపు మాటలు ఆపేస్తే చాలు. తడిచేత్తో బల్లమీద చరిచినట్టు టపటపమని ఒక చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాతే కళ్ళు దాన్ని వెతుక్కుంటాయి.