మైకు నీ వైపే వస్తోంది

మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కుతావు. సీటు లేదు. ఆధార్ కార్డులు పట్టుకున్న ఆడవాళ్లు ముందే సర్దుకుని కూర్చున్నారు. 2023 డిసెంబర్‌లో వాళ్లకు టికెట్ డబ్బులు తీసేశారు, ఏడాది కావస్తోంది. నువ్వు కడ్డీ పట్టుకుని నిలబడతావు. కొత్త చొక్కా, మడత గీతలు ఇంకా పోలేదు. కాలరు మెడకు గీసుకుంటోంది.

వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరి ఉన్నాయి. ఉడికిన వడ్ల వాసన బస్సులోకి కొడుతుంది. మిగతావాళ్లు ముక్కు మూసుకుంటారు. నీకది తెలియదు కూడా, నీ ఒంటి వాసనే అది. సీజన్‌లో సెలవెక్కడిది? "పొద్దుమీకి కాంటా టైముకు ఉండాలె" అని ఓనరు మాట తీసుకుని మరీ పంపాడు.

సెల్లు మోగుతుంది. క్లాసు గ్రూపు. "ఎక్కడిదాంక వచ్చిన్రు?" హైదరాబాద్ కార్లు సూర్యాపేటలో టీకి ఆగాయి, ఫొటో పెట్టారు. నువ్వు పైకి జరుపుతావు. ఎనిమిది నెలల కిందటి నీ మెసేజి. "నేను రైస్ బిజినెస్‌లో ఉన్న." కింద పదకొండు బొటనవేళ్లు. ఒక్క మాటే. అబద్ధం కూడా కాదు, అనుకున్నావప్పుడు.

నేరేడుచర్ల దాటాక కాల్వ కనిపిస్తుంది. సాగర్ ఎడమ కాల్వ. 1967లో నీళ్లు వదిలారు. ఆ నీళ్లతో వరి, వరితో మిల్లులు, మిల్లుతో నీ జీతం. హుజూర్‌నగర్‌లో సీటు దొరుకుతుంది. కూర్చోవు. చొక్కా నలుగుతుంది.

కోదాడ. ఫంక్షన్ హాలు గేటు మీద ఫ్లెక్సీ: 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం, 1991-94'. హాల్‌టికెట్ ఫొటోలన్నీ పెద్దవి చేసి అతికించారు. నీ ఫొటో దొరుకుతుంది. ఎంత జుట్టో! పక్కన నాలుగు ఫొటోలకు దండలున్నాయి. ఇద్దరి సంగతి నీకు ఇప్పుడే తెలుస్తోంది.

"గుర్తుపట్టినవారా?" ఎవరో భుజం చరుస్తాడు. బట్టతల, కళ్లజోడు, పొట్ట. గొంతు మాత్రం మీ వెనక బెంచీదే. పేరు గుర్తు రావడం లేదు. "నిన్ను మర్చిపోతనా?" అంటావు. ఇవాళ్టికి ఇది మొదటి అబద్ధం. మూడేళ్లలో మీతో ఒక్క మాటైనా ఆడని అమ్మాయిలు ఇప్పుడు ప్లేట్లు అందిస్తూ షుగరుందా, మోకాళ్లెట్లున్నయి అని అడుగుతున్నారు. ఈ పలకరింపేదో అప్పుడే జరిగి ఉంటే అనిపిస్తుంది గానీ, అప్పుడు మోకాళ్లు బాగానే ఉన్నాయి.

సార్లకు శాలువాలయ్యాయి. కుర్చీలు గుండ్రంగా వేశారు. ఒకే మైకు. ఒక్కొక్కరూ లేచి ఉద్యోగం, పిల్లలు చెప్పాలట.

నువ్వు లెక్కపెడతావు. నీ కంటే ముందు ఇరవై రెండు మంది.

డల్లాస్ అతను మొదలుపెడతాడు. 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నాడు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పు చదువుతాయన్న భయం అతన్ని విమానమెక్కించింది. చప్పట్లు. తర్వాత హెడ్మాస్టరు. 1998 డీఎస్సీ. ఆ పరీక్ష నువ్వూ రాశావు, అదే గదిలో. చప్పట్లు కొడతావు. చేతులు చల్లగా ఉన్నాయి.

సూర్యాపేటాయన లేస్తాడు. 2016 అక్టోబర్ 11న ఊరు జిల్లా అయ్యింది, అతని ప్లాట్లకు రెక్కలొచ్చాయి. కూతురు అక్కడి మెడికల్ కాలేజీలోనే చదువుతోంది. మేళ్లచెర్వు సిమెంటు ఫ్యాక్టరీలో చేసేవాడు దగ్గుకుంటూ రెండే మాటలు చెప్పి కూర్చుంటాడు. కోదాడ మందుల కొట్టాయన మొన్న సెప్టెంబర్ 1 నాటి వరద చెబుతాడు. నడుముల్లోతు నీళ్లు, తడిసిన పురుగుమందుల డబ్బాలు. ఇంకా అప్పులోనే ఉన్నాడు. నవ్వుతూనే చెబుతాడు.

ఇంకా తొమ్మిది మంది.

ముందు బెంచీ అమ్మాయి. "2021ల మా ఆయన కరోనాతోని పోయిండు. కిరాణం నేనే నడుపుతున్న. బిడ్డకు ఈ డీఎస్సీల టీచరు ఉద్యోగమొచ్చింది." అంతే. తల దించదు. కళ్లు తుడుచుకోదు. చప్పట్లు కాసేపు ఆగి వస్తాయి.

ఇంకా నలుగురు.

నీ పక్క కుర్చీలో వేములపల్లి రైతు. కౌలు చేస్తాడు. పోయిన నెల మీ మిల్లుకే వడ్లు తెచ్చాడు. తేమ పట్టావు, తూకం చీటీ, అదే తక్‌పట్టీ, రాశావు. పేరు చూశావు, తల ఎత్తలేదు. అతనూ ఏమీ అనలేదు. ఇప్పుడు వంగి చెవిలో అంటాడు. "నేనైతే చెప్పలే. నీ ఇష్టం రా."

ఇద్దరు.

గొంతు ఎండుతోంది. బయటికి పోవచ్చు. ఫోన్ వచ్చిందనొచ్చు. లేదా రైస్ బిజినెస్ అని కూర్చోవచ్చు. ఎవరడుగుతారు?

ఒక్కడు.

రైతు మైకు అందిస్తాడు. బరువుగా ఉంది. లేస్తావు. అందరూ నిన్నే చూస్తున్నారు. చొక్కా వీపుకు అంటుకుంది.

"మిర్యాలగూడ..." మైకు కీచుమంటుంది. ఆగుతావు. "మిల్లుల గుమస్తాను. తక్‌పట్టీలు రాస్త."

ఫ్యాను చప్పుడు. ఎవరిదో గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"ఓరి నీ! ఇన్నొద్దులు చెప్పవేందిరా?" సూర్యాపేటాయన అరుస్తాడు. "బీపీటీ పాత బియ్యం దొరుకుతయా? షాపుల ఏడాది పాతయని కొత్తయి అంటగడుతున్నరు."

"25 కిలోల బస్తా ఎంతుంది?" వెనకనుంచి ఇంకొకరు.

"25 ఎక్కడిదిరా, 26." నీ గొంతు నీకే కొత్తగా వినిపిస్తుంది. ఆ ఒక్క కిలో ఎందుకంటావా, 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద జీఎస్టీ వేశారు. మిల్లులు ఒక కిలో పెంచి బయటపడ్డాయి. అదే చెబుతావు. హాలంతా నవ్వు.

"మా అమ్మకు రెండు బస్తాలు పంపుతవా, మునగాలకు?" డల్లాస్ అతను.

జేబులో పెన్నుంది, ఎప్పుడూ ఉంటుంది. కాగితం లేదు. హెడ్మాస్టరు కార్యక్రమ పత్రం వెనక వైపు తిప్పి ఇస్తాడు. మైకు చంకలో పెట్టుకుని, మోకాలి మీద కాగితం ఆనించి అడుగుతావు.

"బీపీటీనా, హెచ్‌ఎంటీనా?"