అడిగే పని మాది

మా అక్క కూతురికి ఎనిమిదో నెల నిండేసరికి ముఖం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. పాలు తాగదు, ఎప్పుడూ మగతగా ఉంటుంది, కడుపు మాత్రం ఉబ్బుగా ఉండేది. అది 1997. రక్తం తక్కువుందన్నారు, ఐరన్ టానిక్ రాశారు. మూడు నెలలు రెండు పూటలా చెంచాతో పోశాం. పాప ఒంట్లో ఇనుముకు కొదవ లేదని, ఆ ఇనుముతో సరైన హిమోగ్లోబిన్ తయారయ్యే పనే జరగడం లేదని, మేం పోసిన ప్రతి చెంచా ఆమెకు మేలు చేయకపోగా భారమైందని తర్వాత తెలిసింది. టానిక్ రాసిన డాక్టరుగారి మీద నాకిప్పుడు కోపం లేదు. తలసేమియా అనే మాట అప్పటికి మా ఇంట్లోనే కాదు, చాలా క్లినిక్కుల్లోనూ కొత్తే. ఆ స్టీలు చెంచా ఇప్పటికీ అక్క వంటింట్లో ఉంది. దాంతో ఎవరూ ఏమీ తినరు.

జబ్బు పేరు తెలిసిన రోజున ఒక డాక్టరమ్మ కాగితం మీద నాలుగు గీతలు గీసి చెప్పింది. అమ్మలో ఒక లోపం, నాన్నలో అదే లోపం. ఇద్దరూ పైకి నిక్షేపంగా ఉంటారు, వాళ్లను మైనర్లంటారు. అలాంటి ఇద్దరికి పుట్టే బిడ్డకు జబ్బు పూర్తిగా వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి. అక్కను మేనబావకే ఇచ్చాం. "నేనే పట్టుబట్టి చేయించాను గదరా" అని మా అమ్మ చాలాకాలం కుమిలింది. మేనరికంలో ఒకే లోపం రెండు వైపులా ఉండే అవకాశం పెరుగుతుంది, నిజమే. అయితే మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు మైనర్లున్నారు. భార్యాభర్తల మధ్య ఏ చుట్టరికమూ లేని కుటుంబాలు కూడా ఆసుపత్రి వరండాలో మా పక్కనే కూర్చున్నాయి. ఆ మాట అమ్మ చెవికెక్కడానికి పదేళ్లు పట్టింది.

మాకందే మందు ఒకటే, రక్తం. మూడు వారాలకోసారి, బతికినంత కాలం.

ఆ రోజుల్లో ఆసుపత్రుల దగ్గర రక్తం అమ్ముకునేవాళ్లు దొరికేవారు. మేమూ కొన్నాం, దాచను. బావ చేతిలోంచి డబ్బు తీసుకున్న ఒక మనిషి అరచెయ్యి మా పాప అరచేతికన్నా తెల్లగా ఉంది. ఇంటికొచ్చాక బావ అన్నం తినలేదు. అప్పటికే, 1996 జనవరిలో, కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు రక్తం అమ్మకాన్ని రెండేళ్లలో ఆపించాలని చెప్పి ఉంది. 1998 జనవరి 1 నుంచి దేశమంతా నిషేధం వచ్చింది. అమ్మే మనిషికీ, ఎక్కించుకునే బిడ్డకూ అది మంచి తీర్పు. కానీ ఊరికే ఇచ్చేవాళ్లు ఇంకా తగినంతమంది తయారు కాలేదు. ఒక బ్యాగు కావాలంటే బదులుగా ఒక మనిషిని వెంటబెట్టుకు రావాలి. ఆపరేషన్ అయితే ఒక్కసారి తెచ్చుకుంటారు. మూడు వారాలకోసారి ఎవరిని తేగలం? బావ ఆఫీసులో అందరినీ ఒక వరుస అడగడం అయిపోయింది. రెండో వరుసకి వచ్చేసరికి, బావ క్యాంటీన్‌లోకి అడుగుపెడితే నలుగురు లేచి వెళ్లిపోయేవారు. వాళ్ల తప్పు కాదది. అడిగీ అడిగీ బావ గొంతే మారిపోయింది.

నేనున్నాను కదా, మేనమామను, నాదీ పాపదీ ఒకే గ్రూపు, నా రక్తమే తీసుకోండి అని చొక్కా చెయ్యి మడిచాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. రక్తసంబంధీకుల రక్తం ఈ పిల్లలకు ఎక్కించకూడదు, దాతలోని తెల్లకణాలు పిల్ల ఒంటి మీదే తిరగబడే ప్రమాదముంది, రేపు మూలుగు మార్పిడి చేయాలన్నా అడ్డమవుతుంది అని వివరించింది. ఆ తర్వాత ఆమె అన్న మాట నా బతుకును మలుపు తిప్పింది. "మీ రక్తం మీ పాపకు వద్దు. పక్క మంచం పాపకివ్వండి. వాళ్ల మామ మీ పాపకిస్తాడు."

హైదరాబాద్‌లో తలసేమియా సికిల్ సెల్ సొసైటీ మొదలైంది ఆ 1998లోనే. రక్తం అమ్మకం ఆగిపోయిన ఏడాదే ఇది పుట్టడం నాకెప్పుడూ విశేషంగా తోస్తుంది. పెట్టింది ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు, కొందరు డాక్టర్లు, వాళ్లతో కలిసొచ్చిన దాతలు. తొలినాళ్లలో పాతబస్తీ పురానీ హవేలీ దగ్గర ఉండేది, తర్వాత శివరాంపల్లికి మారింది. రక్తం ఎక్కించడానికి డబ్బు తీసుకోకపోవడం అందరికీ కనిపించే సాయం. నాకు మాత్రం అంతకన్నా పెద్దది ఇంకొకటుంది. మా బావలాంటి వాళ్ల నోటి నుంచి ఆ అడగడాన్ని సొసైటీ తీసేసుకుంది. కొత్తగా వచ్చిన తల్లి "డోనర్‌ని ఎక్కడ తేవాలె సారూ?" అని కొంగు నులుముకుంటూ అడిగితే, అక్కడ ముందునుంచీ తిరుగుతున్న ఒక తండ్రి చెప్పేవాడు: "పాపను టైముకు తీసుకురా అమ్మా. అడిగే పని మాది."

ఆ పనిలోకి నేనూ దిగాను కాబట్టి, అడగడమంటే ఏమిటో రాయాలి. నా దగ్గర గీతల నోటుబుక్కు ఉండేది, ఇప్పుడది ఫోన్లోకి మారింది. పేరు, గ్రూపు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. పెద్దయిన పేషెంటుకు మూడు వారాలకు రెండు బ్యాగులు పడితే ఏడాదికి ముప్పై నాలుగు. ఒక మనిషి ఏడాదికి నాలుగుసార్లకు మించి ఇవ్వలేడు. అంటే ఒక్క ప్రాణం వెనక ఎనిమిది తొమ్మిది మంది మనుషులు, తేదీ తప్పకుండా, ఏటేటా నిలబడాలి. సొసైటీ రిజిస్టర్లో పేషెంట్ల పేర్లు మూడు వేలు దాటాయి. ఎర్రకణాలను బ్యాగులో ముప్పై అయిదు రోజులో నలభై రెండు రోజులో మించి ఉంచలేం కాబట్టి, సంక్రాంతికి ఎక్కువొచ్చిందని వేసవికి దాచుకోవడం కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులు, క్యాంపులు ఉండవు, ఎండకు ఎవరూ కదలరు. పిల్లల హిమోగ్లోబిన్‌కు వేసవి సెలవులుండవు.

ఆ నెలల్లో మమ్మల్ని ఆదుకున్నది మార్కెట్ యార్డు హమాలీలు. ఒక ఆదివారం తెల్లవారుజామున లారీలు దింపి, వరసగా కూర్చుని చేతులు చాపారు. బరువు తూచితే ఒకాయన నలభై నాలుగు కిలోలొచ్చాడు. నలభై అయిదుండాలి. "రోజంతా క్వింటాళ్లు మోస్తా, నాకే బరువు చాలదంటివా అన్నా" అని చిన్నబుచ్చుకున్నాడు. మళ్లీ మూడు నెలలకు పెట్టిన క్యాంపుకు అందరికన్నా ముందు వచ్చాడు, కాటా ఎక్కి నిలబడి ముల్లును తనే చూశాడు. నలభై ఆరు.

రక్తంతో బతుకు నిలుస్తుంది, దాంతోపాటే ఇంకో చిక్కూ మొదలవుతుంది. ఒక్కో బ్యాగులో సుమారు రెండొందల నుంచి రెండొందల యాభై మిల్లీగ్రాముల ఇనుముంటుంది. అదనంగా చేరిన ఇనుమును బయటికి పంపే దారి ఒంటికి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. పాప చిన్నప్పుడు రోజూ రాత్రి పొట్ట మీద చర్మం కింద సన్నని సూది గుచ్చి, ఎనిమిది పది గంటల పాటు చిన్న పంపుతో మందు ఎక్కించేవాళ్లం. అక్క సూది గుచ్చేది, బావ పాపకు కథ చెప్పేవాడు. తెల్లారి ప్లాస్టరు పీకి యూనిఫాం వేసేవాళ్లు. నోటితో వేసుకునే డెఫెరిప్రోన్ మాత్రలు ఐరోపాకన్నా ముందే, 1990ల నడుమ, మన దేశంలోనే వచ్చాయని చాలామందికి తెలియదు. తర్వాత నీళ్లలో కలుపుకుని తాగే డెఫెరాసిరాక్స్ వచ్చింది. ఆ మందులు ప్రతి ఇంటికీ ఆగకుండా అందేలా చూడాలని తల్లిదండ్రులు అర్జీలు పట్టుకుని ఎన్ని మెట్లెక్కారో ఏ ఫైల్లోనూ రాసి ఉండదు. బ్యాగు దొరికి మందు దొరకని ఇళ్లలో పిల్లలు పదిహేను ఇరవై ఏళ్లకు గుండె దెబ్బతిని పోయారు. మా పాప తోటివాళ్లలో అలాంటివాళ్లున్నారు. వాళ్ల పుట్టినరోజులు ఆమెకింకా గుర్తే.

సికిల్ సెల్ దారి వేరు. అది మన ఏజెన్సీ జబ్బు. కోయ, గోండు గూడేల నుంచి వచ్చే పిల్లలకు రక్తం తక్కువ కావడం ఒక్కటే కాదు బాధ. కొడవలిలా వంగిన కణాలు సన్నటి నాళాల్లో అడ్డుపడి ఎముకలు పిండేసే నొప్పి వస్తుంది. ఆ నొప్పికి అరిచే కుర్రాణ్ణి నాటకాలాడుతున్నాడని బడిలో కొట్టిన కథలు ఆ తల్లుల నోట విన్నాను. ఆదిలాబాద్ అవతల నుంచి రాత్రంతా బస్సులో కూర్చొచ్చిన ఒక తల్లి, నొప్పికి మందుంటుందని తెలిసి ఏడ్చింది. అంతకుముందు ఎవరూ ఆ మాట చెప్పలేదట. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, నలభై ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేస్తామంది. పరీక్ష చీటీతో పాటు నొప్పి మందు కూడా గూడెం దాకా వెళ్లాలి.

సొసైటీ చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది గర్భిణుల పరీక్ష అని నా అభిప్రాయం. తొలి నెలల్లోనే తల్లికి హిమోగ్లోబిన్ ఏ2 చూస్తారు. మూడున్నర శాతం దాటితే మైనర్ అనుకోవాలి. అప్పుడు భర్తకు చేయాలి. ఇక్కడే ఆగిపోతుంది. భర్త రాడు. "నాకేం రోగం?" అంటాడు. అత్తగారు కోడలి రిపోర్టు పట్టుకుని పుట్టింటివాళ్లకు ఫోన్ చేస్తుంది. ఇద్దరూ మైనర్లయితే పదకొండో వారం ప్రాంతంలో గర్భంలోని బిడ్డకు పరీక్ష చేయొచ్చు. ఆ పరీక్షకు సమయం దాటిపోకముందే ఆ మగమనిషిని ఒప్పించి తేవాలి. అది మా సొసైటీ తండ్రులు చేశారు. "నేనూ నీలాగే అన్నానయ్యా" అని తమ బిడ్డ ఫొటో చూపించి కూర్చునేవారు. సైప్రస్ దేశం పెళ్లికి ముందే పరీక్షలు చేయించి ఈ జబ్బుతో పుట్టే పిల్లల్ని దాదాపు లేకుండా చేసుకుంది. మనకింకా ఏటా దేశంలో దాదాపు పదివేలమంది పుడుతున్నారని అంచనా.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాల వైకల్యాల్లో తలసేమియాను, హిమోఫీలియాను, సికిల్ సెల్‌నూ చేర్చింది. దానికోసం దేశవ్యాప్తంగా ఇలాంటి సంఘాలన్నీ ఏళ్ల తరబడి కొట్లాడాయి. ఉన్నత చదువుల్లో రిజర్వేషన్ దక్కింది. ఉద్యోగాల్లో నాలుగు శాతం కోటాలో మాత్రం రక్త జబ్బులకు చోటివ్వలేదు. మూడు వారాలకో రోజు సెలవు పెట్టే మనిషికి పని ఎవరిస్తారని అడిగితే జవాబు రావడం లేదు. మా పాప మూడు ఇంటర్వ్యూల్లో జబ్బు గురించి నిజం చెప్పింది, నాలుగోదాంట్లో చెప్పలేదు. ఉద్యోగం వచ్చింది. ఈ దేశంలో ఒక ఆడపిల్ల నిజం దాస్తేనే జీతం వస్తుందంటే నాకు కడుపు మండుతుంది. మనం పట్టుకోవాల్సిన తర్వాతి అర్జీ ఆ ఉద్యోగాల కోటాదే.

2020 లాక్‌డౌన్ గురించి ఒక్క మాట. క్యాంపులన్నీ ఒక్క రోజులో ఆగిపోయాయి. రక్తం కోసమే వెళ్తున్నామన్న ఉత్తరం జేబులో పెట్టుకుని దాతలను ఒక్కొక్కరినీ నా స్కూటరు మీద తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపాను. చెక్‌పోస్టులో ఆపిన ఒక కానిస్టేబుల్ ఉత్తరం చదివి, డ్యూటీ దిగాక తనే ఫోన్ చేసి గ్రూపు చెప్పాడు. ఆయన పేరు ఇప్పటికీ నా జాబితాలో ఉంది.

పాపకిప్పుడు ఇరవై ఆరేళ్లు దాటాయి. ఇప్పటిదాకా ఎక్కించిన బ్యాగులు అక్క లెక్క ప్రకారం ఆరొందలకు దగ్గర. పోయిన గురువారం నేనే తీసుకెళ్లాను. చెయ్యి తనే చాపి, "ఆ నరం వద్దు సిస్టర్, ఇటు పక్కది చూడండి" అంది. మొదటి చుక్క ట్యూబులోకి దిగాక తల తిప్పి బ్యాగు మీది చీటీ చదివింది. అందులో గ్రూపు, సేకరించిన తేదీ, గడువు తేదీ ఉంటాయి. ఇచ్చినవాళ్ల పేరుండదు. ఆమె తేదీని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఆదివారం రక్తం. మామా, ఇది మార్కెట్ యార్డు వాళ్లది."