బర్మా వేఱుపాటు – ఉద్దానపు కూలీలు

చిరకాలము ఒక్క సుంకపు కట్టడి క్రింద నున్న రెండు దేశములు విడిపోవలయునా, కలిసి యుండవలయునా యను తర్కము పుట్టినప్పుడు, ఆ తర్కము సరకులను గూర్చియు, పన్నులను గూర్చియు, శాసనసభలలోని వోట్లను గూర్చియు నడచును. ఆ రెండు దేశముల నడుమ తిరుగాడి పొట్ట పోసికొను జనుల మాట కడపటగాని రాదు. వచ్చినను పరుల నోట వచ్చును. 1937లో బర్మాదేశము హిందూదేశమునుండి వేఱుపడిన కథ యిట్టిది. ఆ కథలో తెలుగువారికి, వారిలోను నేటి శ్రీకాకుళము జిల్లాలోని టెక్కలి, పలాస, ఉద్దానపు తీరములవారికి గల పాలు చాల పెద్దది. మన చరిత్ర గ్రంథములలో దానికి దొరికిన చోటు మిక్కిలి చిన్నది.

ఉద్దానమను మాట ఉద్యానమునుండి వచ్చినదందురు. ఇచ్ఛాపురము మొదలు కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వఱకు సముద్రము నంటి సాగిన యిసుక నేలపై కొబ్బరి, జీడి, పనస తోటలు దట్టముగా నుండుటచే ఆ పేరు తగియే యున్నది. రైలులో పోవు బాటసారి ఆ పచ్చదనము చూచి యిది భాగ్యవంతుల సీమ యనుకొనును. కాని నాలుగు కొబ్బరిచెట్లు గలవానికి నలుగురు కొడుకులున్నచో ఆ చెట్లు నలుగురికిని కూడు పెట్టజాలవు. తోటలకు పడమటనున్న వరిపొలములు చెఱువులను, వానను నమ్ముకొన్నవి. వానిలో పెక్కు పూర్వము టెక్కలి, మందస మున్నగు జమీందారీల క్రింద నుండెను. వాన కురియుటకు నియమము లేదు. శిస్తు చెల్లించుటకు మాత్రము నియమము కలదు. 1866 నాటి క్షామము ఈ గంజాము సీమను గూడ పీల్చి పిప్పి చేసెను. 1940 మార్చి నెలలో అఖిల భారత కిసాను సభ పలాసలో సమావేశమగుట యాదృచ్ఛికము కాదు. ఈ ప్రాంతపు రైతు ఎంత నలిగి యుండెనో అప్పటికి దేశమునకు తెలిసియుండెను.

ఇట్టి నేలకు ఎదుట సముద్రము. బారువ, కళింగపట్నము రేవులలో స్టీమరులు తీరమునకు దూరముగా నిలిచెడివి. జనులు పడవలలో కెరటములు దాటి ఓడ నెక్కి, పైతట్టున ఎండకును వానకును ఓర్చి రంగూను చేరెడివారు. రంగూనును ఈ సీమవారు రంగమందురు. రంగము పోయినాడనగా ఇంటి అప్పు తీర్చుటకై పోయినాడని యొక యర్థము. తిరిగి వచ్చునో రాడో తెలియదని మఱియొక యర్థము.

అక్కడివారు ఈ కూలీలను కోరంగీలని పిలిచిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరది. విశాఖపట్టణమువాడైనను, గంజామువాడైనను ఆ యొక్క పేరే. రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో పనిచేయుట, రిక్షాలు లాగుట వారి వృత్తులు. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా యిచ్చి మనుష్యులను కూర్చుకొని పోవును. ఆ బయానా తీరువఱకు కూలివాని కష్టము మేస్త్రీది. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని హిందూదేశస్థులు 10 లక్షలకు పైబడిరి; తెలుగువారు లక్షకు మించియుండిరి. రంగూను నగరపు 4 లక్షల జనములో సగమునకు పైగా మనదేశపువారే. తమ రాజధానిలో తామే కొద్దిమందియైన బర్మీయుల మనస్సు ఎట్లుండునో చదువరులు ఊహింపవచ్చును.

1826లో కొంతయు, 1852లో కొంతయు, 1885లో తక్కినదియు ఆంగ్లేయులు గెలిచి, ఆ దేశమును హిందూదేశమున కొక రాష్ట్రముగా జతచేసిరి. అడిగి కలిపినది కాదు. నాటినుండి రెంటికి నడుమ సుంకము లేదు, నాణెము ఒక్కటి. బర్మానుండి బియ్యము, కిరసనాయిలు, టేకు వచ్చెడివి. ఇటనుండి నూలుబట్టలు, గోనెసంచులు పోయెడివి. బర్మా బియ్యమును అందఱికంటె ఎక్కువ కొన్నది మనదేశమే. లాభము రెండువైపుల నుండెనని మనవారి వాదము. ఆ వాదము సరకుల లెక్కలో నిజమే. అయినను తమ రాష్ట్రపు బియ్యముపై ఎగుమతి సుంకము ఢిల్లీకి పోవుచున్నదనియు, హిందూదేశపు మిల్లులను కాపాడుటకు వేసిన దిగుమతి సుంకములవలన బర్మా రైతు బట్టలను ప్రియముగా కొనవలసి వచ్చుచున్నదనియు బర్మీయులు మొఱపెట్టుకొనిరి. అదియు నిజమే. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరిజిల్లాలలో చెట్టియార్ల చేతిలోని భూమి 1930లో నూటికి 6 వంతులు. ధరలు పడిపోయి అప్పులు తీరక 1937 నాటికది నూటికి 25 వంతులాయెను. భూమి పోగొట్టుకొని పట్టణమునకు వచ్చిన బర్మీయునకు రేవులో ఎదురైనవాడు చెట్టియారు కాడు, మన బారువ కూలి.

1930 మే నెలలో ఆ యెదురుపాటు రక్తపాతముగా మాఱెను. గాంధీమహాత్ముని నిర్బంధించిన దినములవి. రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపునకై పని మానిరి. రేవు గుత్తదారులు బర్మీయులను పిలిచి పనిలో పెట్టుకొనిరి. నెల తిరుగకముందే తెలుగువారితో రాజీపడి, కూలి కొంచెము పెంచి, మే 26న వారిని తిరిగి చేర్చుకొనిరి. ఆనాటి యుదయము ఎప్పటివలె పనికి వచ్చిన బర్మీయులకు ఇంక మీరు పొండను మాటయే జీతమాయెను. అక్కడ రేగిన కలహము నగరమంతట వ్యాపించి కొన్నిదినములు నడచెను. నూటికి పైగా ప్రాణములు పోయెను. వారిలో మిక్కిలి హెచ్చుమంది తెలుగు కూలీలు. ఆ కాలమున రంగూనులో జిల్లా మేజిస్ట్రేటుగా నుండిన మారిస్ కాలిస్ తన గ్రంథములో ఈ సంగతి వ్రాసియున్నాడు. ఇద్దఱు పేదలను ఒక్క పనికి పిలిచి, ఒకరిని చూపి మఱియొకరి కూలి తగ్గించు విద్య గుత్తదారులకు తెలియును. తెల్లవారు ఇండ్లలో క్షేమముగా నుండగా కత్తిపోట్లు తిన్నవారు ఈ పేదలే.

ఆ యేడే సైమను సంఘము బర్మాను వేఱుచేయుమని సిఫారసు చేసెను. 1931 నవంబరునుండి 1932 జనవరి వఱకు లండనులో బర్మా సమావేశము జరిగెను. వేఱుపడుటయా, హిందూదేశపు సమాఖ్యలో చేరుటయా, ఎన్నికలలో మీరే తేల్చుకొనుడని ప్రధానమంత్రి మాక్‌డొనాల్డు చెప్పెను. ప్రశ్న సులభముగా నున్నది గదా! 1932 నవంబరు ఎన్నికలలో వేఱుపాటును ఎదిర్చినవారు 42 స్థానములు, కోరినవారు 29 స్థానములు గెలిచిరి, 9మంది తటస్థులు. బామా, ఊ చిట్ లైంగులు ఎదిరించిన పక్షపు నాయకులు. ఇంక బర్మా మనతోనే యుండునని కలకత్తాలోను, మదరాసులోను వర్తకులు సంతోషించిరి.

అసలు చిక్కు అప్పుడే మొదలాయెను. వేఱుపాటును ఎదిర్చినవారు హిందూదేశముపై ప్రేమచే ఎదిర్చినవారు కారు. వేఱుపడినచో హిందూదేశమునకు దొరకబోవు స్వపరిపాలన తమకు దొరకదేమోయని వారి భయము. కావున 1932 డిసెంబరులో శాసనసభ యొక తీర్మానము చేసెను: చూపిన రాజ్యాంగము క్రింద వేఱుపడము, షరతులు లేకుండ శాశ్వతముగా సమాఖ్యలో చేరము, చేరినచో, వలసినప్పుడు విడిపోవు హక్కు కావలెను. చేరినవారికి విడిపోవు హక్కు లేదని లండను జవాబు. 1933 ఏప్రిల్ 25న సభను ప్రత్యేకముగా మరల కూర్చిరి. మే 6 వఱకు ఉపన్యాసములు సాగెను. ఒక్క తీర్మానమైనను వోటునకు రాకుండగనే సభ ముగిసెను. రెండు తలుపులలో ఏదియు దాటమని, గడపమీదనే కూర్చుందుమని చెప్పినట్లాయెను.

వారిని చూచి నవ్వుట సులభము. మనవారిలో కొందఱు నవ్విరి కూడ. ఆ నవ్వినవారు మన కాలమున లండను పార్లమెంటును చూడవలసినది. ఐరోపా సమాఖ్యనుండి వెలువడవలెనని 2016 జూన్ 23న ప్రజలు నూటికి 52 వంతులు వోటు చేసిరి. ఎట్లు వెలువడుటయో పార్లమెంటునకు తోచలేదు. ప్రధానమంత్రి థెరెసా మే తెచ్చిన ఒడంబడికను 2019 జనవరి 15న, మార్చి 12న, మార్చి 29న ముమ్మాఱు త్రోసిపుచ్చిరి. మార్చి 27న ఎనిమిది మార్గములను వరుసగా వోటునకు పెట్టగా ఎనిమిదింటిని కాదనిరి. పార్లమెంటులకు తల్లియని పేరుపొందిన సభకే యిట్టి గతి పట్టినప్పుడు రంగూను సభను తప్పుపట్ట నేల? భేదము ఒక్కటి కలదు. లండనులో ఆ ముడి విప్పుటకు 2019 డిసెంబరులో మరల ఎన్నికలు జరిగెను. 2020 జనవరి 31న వారు తమ నిర్ణయముననే వెలువడిరి. రంగూను సభ ఏమియు తేల్చనప్పుడు తేల్చుటకు పై యజమాని యొకడు కాచుకొని యుండెను. 1935 నాటి బర్మా ప్రభుత్వ శాసనము ఆ యజమాని వ్రాసినది. 1937 ఏప్రిల్ 1న బర్మా వేఱుపడెను. వేఱుపాటును ఎదిర్చి గెలిచిన బామాయే వేఱుపడిన బర్మాకు మొదటి ప్రధానమంత్రి.

ఈ తర్కమంతయు జరుగుచుండగా ఆంధ్రులేమి చేయుచుండిరి? ఒక్క మాటపై లేరని చెప్పవలెను. ధరలు పడిపోయిన ఆ సంవత్సరములలో గోదావరి, కృష్ణా డెల్టాల రైతునకు బయటి బియ్యము కంటిలో నలుసు. 1935లో పరదేశపు నూకలపై సుంకము వేసిరి. బర్మా అప్పటికింకను పరదేశము కాదు గనుక ఆ సుంకము దానికి తగులలేదు. బర్మా వేఱుపడినచో ధాన్యమునకు ధర వచ్చునని డెల్టా రైతు ఆశించుట సహజము. ఉద్దానపు కూలికో, సముద్రము తెఱచియుండుటయే బ్రతుకు. ఇద్దఱును తెలుగువారే, ఒకని లాభము మఱియొకని కడుపుకోత. వీరిలో పత్రికలకు వ్రాయగలవాడు, సభలలో మాటాడగలవాడు ఎవడో చెప్పనక్కఱలేదు. ఓడ దిగుచు ఓడ ఎక్కుచు నుండు కూలికి అక్కడ వోటెక్కడిది, ఇక్కడ వోటెక్కడిది?

ఇంకొక కారణము కూడ కలదు. బర్మా వేఱుపాటునకు సరిగా ఒక యేడు ముందు, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా రాష్ట్ర మేర్పడెను. గంజాము జిల్లా రెండుగా చీలెను. బరంపురము, గోపాలపురపు రేవు ఒరిస్సాకు పోయెను. టెక్కలి, సోంపేట ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలో కలిసి మదరాసు రాష్ట్రములో నిలిచెను. ఏ యూరు తెలుగువారిది, ఏ యూరు ఒడ్రులదియను వాదములో మన పెద్దల పట్టుదలయంతయు వ్యయమైపోయెను. ఆ పట్టుదల తప్పని నేననను. కాని సరిహద్దు రాయి ఎక్కడ పాతవలెనని అంతగా పోరాడినవారు, ఆ రాయికి ఇవతలనున్న యువకులు ఏ దేశమున పోయి కూలి చేయుచున్నారో, ఆ దేశము రేపు వారిని రానిచ్చునో లేదో విచారింపకపోవుట నాకు లోపముగానే తోచుచున్నది.

విడిపోయిన పిదప మూడేండ్లవఱకు వర్తకమును, మనుష్యుల రాకపోకలును వెనుకటివలెనే సాగునట్లు ఏర్పాటుచేసిరి. కాగితముపై అది మంచి యేర్పాటే. 1938 జూలై, ఆగస్టులలో రంగూనులో మరల అల్లరులు చెలరేగి మనవారు హతులైరి. పిదప వలసలను గూర్చి విచారించుటకు బాక్‌స్టరను అధికారిని నియమించిరి. ఈ కూలీలు బర్మీయుల పనిని అపహరించుచున్నారను మాటకు ఆ విచారణలో గట్టి యాధారము దొరకలేదు. దొరకకున్నను 1941లో రెండు ప్రభుత్వములును కొత్త వర్తకపు టొడంబడికను, దాని వెనువెంట వలసల యొడంబడికను చేసికొనెను. ఇంక అనుమతి పత్రము లేనిది కూలివాడు పోరాదు. బియ్యపు బస్తాకు దారి దొరకెను. బస్తా మోయువానికి దారి మూసిరి.

ఆ కట్టడి స్థిరపడకమునుపే యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. రేవులో పనిచేయు మనవారు అనేకులు చచ్చిరి. మిగిలినవారు పని విడిచి పరుగెత్తిరి. 1942 మార్చిలో నగరము జపానువారి వశమాయెను. ఓడలలో చోటు దొరకనివారు ఆరకాను కొండలగుండను, మణిపురపు అడవులగుండను నడచిరి. మొత్తముమీద 4 లక్షలకు పైగా జనులు మనదేశము చేరిరి. ఆకలిచేతను, కలరాచేతను త్రోవలో రాలినవారు వేలకొలది. అదే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు పడెను. కొడుకు నడచి వచ్చుచున్నాడో, మరణించెనో తెలియక, తీరముననే యుండవలెనో లోపలి యూళ్లకు పోవలెనో తెలియక యుండిన తల్లుల మాట ఏ సంఘపు నివేదికలోను లేదు. బర్మా బియ్యము ఆగిపోయెను. 1943 నాటి వంగదేశపు కఱవునకు గల కారణములలో అదియొకటి.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమాయెను. వెనుకకు పోయినవారు, పోకయే నిలిచియుండినవారు చాలమంది అక్కడ మరల కుదురుకొనిరి. 1962లో సైన్యము రాజ్యము నాక్రమించి, 1963-64లలో అంగళ్లను, వ్యాపారములను ప్రభుత్వపరము చేసెను. లక్షలకొలది హిందూదేశస్థులు మరల ఓడలెక్కిరి. కూడబెట్టినదానిలో స్వల్పభాగమునే వారిని తెచ్చుకొననిచ్చిరి. బారువ రేవునకు అప్పటికి స్టీమరులు లేవు. తెలుగువారిలో పెక్కుమంది విశాఖపట్టణము చేరిరి. కంచరపాలెము చెంత వారు కాపురము పెట్టిన చోటికి బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది.