ఓళిగల పక్కన కోసంబరి

ఉగాదికి మా ఇంట్లో ఓళిగలు చేస్తాం. కర్నూలు వైపు చుట్టాలు వాటినే భక్ష్యాలంటారు, కోస్తావాళ్లు బొబ్బట్లంటారు. పేరేదైనా లోపల ఉండేది శనగబ్యాళ్లు, బెల్లం. పైన నెయ్యి. వాటితోపాటు కట్టుచారు, మామిడికాయ చిత్రాన్నం, వడలు. ఇంత బరువైన భోజనానికి, అదీ బళ్లారి ఎండలో, తోడుగా తేలికైనది ఒకటి ఉండాలి. మా ఇంట్లో అది కోసంబరి.

కొన్నేళ్ల కిందట కోస్తా నుంచి మా ఇంటికి కొత్త కోడలు వచ్చింది. మొదటి ఉగాదికి ఆకులో ఉప్పు పక్కన కోసంబరి వడ్డించగానే, "వడపప్పులో దోసకాయ వేశారేంటి అత్తయ్యా? ఇది కన్నడవాళ్ల వంట కదా" అంది. తప్పుపట్టి అనలేదు, తెలియక అడిగింది. కానీ ఆ మాట మా అందరికీ గుచ్చుకుంది. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ కన్నడం. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు. చదువు పోయింది సరే, వంట కూడా పోయిందా? అప్పటినుంచి పెద్దలను అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నది ఇక్కడ రాసిపెడుతున్నాం.

ముందు పెసల సంగతి. బళ్లారి పక్కనే ఉన్న సంగనకల్లు కొండల్లో కొత్త రాతియుగపు జనం ఉన్న చోట తవ్వితే మాడిన గింజలు దొరికాయి. వాటిలో ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు ఉన్నాయి. అంటే 3,000 ఏళ్లకు పైగా ఈ నేల మీద పెసలు తింటున్నారు. కీర దోసకాయ కూడా మన దేశపుదే. మిరపకాయ మాత్రం పోర్చుగీసువాళ్లు వచ్చాక చేరింది. అంతకుముందు కారమంటే మిరియాలు, అల్లం.

ఇక పేరు. కన్నడంలో కోసంబరి, తమిళనాట కోసుమల్లి, మరాఠీలో కోశింబీర్. మరాఠీవాళ్లు చాలాసార్లు పెరుగు, వేరుశనగ పొడి కూడా కలుపుతారు. కోస్తా తెలుగువాళ్లకు శ్రీరామనవమి నాటి వడపప్పు ఉంది. వడ అంటే ఎండవేడి అనీ, వడదెబ్బలో ఉన్న మాటే ఇదనీ పెద్దలు చెబుతారు. అక్కడ పానకంతో వడపప్పు, ఇక్కడ పానకం, నీళ్లమజ్జిగలతో కోసంబరి. పండగ ఒకటే, పప్పూ ఒకటే. కాకపోతే ఈ వైపు అది ప్రసాదంగానే ఆగిపోలేదు, విందు ఆకులోకీ వచ్చి ఉప్పు పక్కన కూర్చుంది.

కాలాన్ని చూసి వడ్డించడం ఈ సీమకు కొత్త కాదు. మా ఊరికి 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న హంపి నుంచి ఏలిన శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి భోజనాలు చెప్పాడు. వానాకాలంలో అతిథులకు పప్పు, వరుగులు, వడియాలు, నెయ్యి. ఎండాకాలంలో పలచని అంబలి, చెరకు రసం, కొబ్బరి నీళ్లు, నీళ్లమజ్జిగ.

మా ఇంటి కథలో పెద్ద మలుపు 1953. అంతవరకు బళ్లారి జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయాయి. మా తాత ఇల్లు కదల్లేదు. రాయదుర్గంలో కాపురమున్న ఆయన అక్కా కదల్లేదు. అయినా తెల్లారేసరికి ఇద్దరివీ వేరువేరు రాష్ట్రాలయ్యాయి. ఆమె మనవరాలిని అడిగితే, తమ ఇంట్లోనూ ఉగాదికి దోసకాయ వేసిన కోసంబరే అంది. ఆ అవ్వ అది నేర్చుకున్నది పెళ్లికి ముందు, బళ్లారిలో, మా ముత్తవ్వ దగ్గర. రాష్ట్రాలు విడిపోకముందే అది మా ఆకులో ఉంది. మా తెలుగు తగ్గినందువల్ల వచ్చింది కాదు. కన్నడవాళ్లది కాదనీ అనం. వాళ్లదీ, మాదీ.

చేసేవాళ్లకు ఒక మాట. కోసంబరి శనగబ్యాళ్లతోనూ చేస్తారు, పెసరబ్యాళ్లతోనూ చేస్తారు. ఓళిగలో ఉండేది శనగే కాబట్టి పండగనాడు పెసరే మేలు. తొందరగా నానుతుంది, కడుపుకు తేలిక. గంటసేపు నానబెట్టి, నీళ్లు బాగా వంచి, సన్నగా తరిగిన దోసకాయ, పచ్చిమామిడి తురుము, కొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి కలిపి ఆవాలు, ఇంగువ తిరగవాత పెట్టాలి. ఉప్పు వడ్డించే ముందే వేయాలి. ముందే వేస్తే దోసకాయ నీరు వదిలి ఆకంతా పారి ఓళిగలను తడుపుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో కోసంబరి కలిపేది ఆ కోడలే. శ్రీరామనవమికి మాత్రం దోసకాయ లేకుండా వడపప్పు చేసి దేవుడి ముందు పెడుతుంది. పిల్లలకు రెండు పేర్లూ నోటికి వచ్చాయి. వాటిని తెలుగులో రాయడం ఈ వేసవి సెలవుల్లో నేర్పాలనుకుంటున్నాం.

హోసూరు, తంజావూరు, షోలాపూరు వైపు ఉన్న మనవాళ్లు దీన్ని ఏమంటారో, అందులో ఏం వేస్తారో రాయండి. మీ పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి.