టెక్కా పక్కన మూడు ఫేజులు

ఆదివారం టెక్కా దగ్గర కలిసే మనలో చాలామందిమి ఊళ్లో "త్రీఫేజు వచ్చిందా?" అని కేకేసుకుంటూ అర్ధరాత్రి చేనుకు పోయి మోటారు వేసినవాళ్లమే. ఇక్కడ సెరంగూన్ రోడ్డు దుకాణాల వెనకాల ఉన్నదీ ఆ మూడు ఫేజుల కరెంటే.

సింగపూర్ వీధుల్లో కరెంటు దీపాలు 1906లో వెలిగాయి. ఆ కరెంటు పుట్టింది మన లిటిల్ ఇండియా పక్కనే, మెకెంజీ రోడ్డులోని ట్రామ్ కంపెనీ పవర్‌హౌస్‌లో. దీపాలు మాత్రం ముందు రాఫెల్స్ ప్లేస్ లాంటి చోట్ల పెట్టారు. దొరల లెక్క అట్లాగే ఉండేది మరి! 1927లో సెయింట్ జేమ్స్ పవర్ స్టేషన్ వచ్చింది.

మూడు ఫేజుల పద్ధతి అంతకన్నా పాతది. 1891లో జర్మనీలో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం కరెంటు పంపి, దొలివో-దొబ్రోవోల్‌స్కీ, ఆయన తోటి ఇంజనీర్లు దాన్ని లోకానికి చూపించారు.

ఇక్కడ రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు, ఒక ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230. సగమైతే 200 రావాలి కదా అంటారు. మూడు ఫేజులూ ఒక్కసారే లేవవు, ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. అందుకని 400ని రెండుతో కాదు, 1.73తో భాగించాలి. ఇంటింటికీ వేరే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ఒక ఇంటికి ఒక ఫేజు, పక్కింటికి ఇంకో ఫేజు, న్యూట్రల్ అందరికీ ఉమ్మడి. ఆ ఉమ్మడి తీగ తెగిందంటే 230 ఉండాల్సిన చోట 400 దాకా పోవచ్చు. ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారే కాలిపోయేది అప్పుడే.

అసలు ప్రమాదం రంగుల్లో ఉంది. మన ఊళ్లో ఫేజులు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్ నలుపు. ఇక్కడ కూడా ఒకప్పుడు అంతే. 2009 నుంచి కొత్త వైరింగులో ఫేజులు గోధుమ, నలుపు, బూడిద రంగులు, నీలం న్యూట్రల్. అంటే మనం న్యూట్రల్ అనుకునే నల్ల తీగలో ఇక్కడ కరెంటు ఉండొచ్చు. పాత షాప్‌హౌస్‌లలో రెండు కాలాల తీగలూ ఒకే పెట్టెలో కనిపిస్తాయి.

మాలో ఒకతను రంగులు వేసే పనికి పోయి, సీలింగ్‌లో వేలాడుతున్న నల్ల తీగను "న్యూట్రలే కదా" అని పక్కకు జరపబోయాడు. పక్కనున్న లైసెన్సు ఎలక్ట్రీషియన్ చెయ్యి పట్టి ఆపి, టెస్టర్ పెట్టాడు. వెలిగింది.