పాడని నోళ్ళు

1996లో నేను మూడో తరగతి. ఒంగోలు దగ్గర పల్లెలో ప్రభుత్వ బడి. ప్రేయరు పాట సరస్వతి మీద వుండేది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు అన్యదేవతలను కొలవకూడదన్నాడు. సోమవారం నేను నోరు తెరవలేదు. అయ్యవారు చూశాడు. "ఏరా, నీకు వేరే దేవుడున్నాడా?" అని అందరి ముందూ నిలబెట్టాడు.

ఇంటికొచ్చి చెప్తే నాయన నన్నే కొట్టాడు. "పాడరా! కాయితాల్లో మనం హిందూ మాదిగలం. నువ్వు నోరు మూసుకుంటే రేపు సర్టిఫికెట్టు ఎవడిస్తాడు?" మిరపకోతల నుంచి అప్పుడే వచ్చిన అమ్మ, మండే చేతులు చన్నీళ్ళలో పెట్టుకొని ఒక్క మాటా అనలేదు. మర్నాటి నుంచి అందరికంటే నేనే గట్టిగా పాడాను.

ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది. అది మా నాయనకు తెలీదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మాత్రం బాగా తెలుసు. ఆ జాబితాలోకి 1956లో సిక్కులొచ్చారు, 1990లో బౌద్ధులొచ్చారు. క్రైస్తవులకు, ముస్లిములకు చోటు రాలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో క్లౌ దొర మిషను ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మమిచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. మా తాతలకు ఓనమాలు దిద్దించింది ఆ మిషను బళ్ళే. అక్షరమిచ్చిన దేవుణ్ణి ఆఫీసు గుమ్మం దగ్గర దాచుకోవాల్సి వచ్చింది.

బడికీ పాటకీ మన దగ్గర పాత తగువే వుంది. 1907లో వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు రాజమండ్రి ట్రైనింగు కాలేజీ గాడిచర్ల హరిసర్వోత్తమరావును వెళ్ళగొట్టింది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను వెళ్ళగొట్టారు. ఇవి పాఠాల్లో చదువుకున్నాం. పాడనందుకు వెళ్ళగొట్టిన సంగతి మాకెవరూ చెప్పలేదు.

1985 జూలై 17న మా జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. సరిగ్గా తొమ్మిది రోజులకు, జూలై 26న, కేరళలో ఒకే ఇంటి ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. వాళ్ళు యెహోవా సాక్షులు. జనగణమన వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు, పాడలేదు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన గుత్తిలో పుట్టిన ఒ. చిన్నపరెడ్డి. పాడి తీరాలనే చట్టం లేదు, శాఖ సర్క్యులరు చట్టం కాదు, లేచి నిలబడ్డమే గౌరవం, మనస్సాక్షిని బలవంతపెట్టకూడదు: ఇదీ ఆ తీర్పు సారం. అమెరికాలో జెండా వందనం చెయ్యని సాక్షుల పిల్లలు 1940లో ఓడి 1943లో గెలిచిన సంగతి కూడా అందులో ప్రస్తావించారు.

వందేమాతరం సంగతీ అంతే. తర్వాతి చరణాల్లో దేశాన్ని దుర్గగా కొలవడం మా విశ్వాసానికి పడదని ముస్లిములు అభ్యంతరం చెప్తే, 1937లో కాంగ్రెసు మొదటి రెండు చరణాలే చాలంది. ఎవరి అభ్యంతరాన్నీ దేశద్రోహమనలేదు.

ఇప్పుడు నేను పంతుల్ని. 2025 నవంబరులో వందేమాతరానికి 150 ఏళ్ళని బడిలో పాడించాం. ఏడో తరగతి ముస్లిం పిల్ల లేచి నిలబడింది, పాడలేదు. "వాళ్ళ నాన్నను పిలిపించండి సార్" అన్నాడు తోటి మాస్టారు. పిలిపించలేదు. స్టాఫ్‌రూములో చిన్నపరెడ్డి తీర్పు గురించి చెప్పాను. ఇద్దరు విన్నారు, ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ఆ పిల్లను ఎవరూ ఏమీ అనలేదు. ఆ మేరకు నెగ్గాం.

కానీ ఆ పిల్ల వెనక వరసలో మా పల్లె కుర్రాడొకడున్నాడు. మెడనరాలు తేలేటట్టు, అందరికంటే గట్టిగా పాడుతున్నాడు. ఆదివారం చర్చిలో వాణ్ణి చూస్తుంటాను. వాడెందుకంత గట్టిగా పాడుతున్నాడో నాకు తెలుసు. పాడకుండా నిలబడే హక్కు 1986లోనే వచ్చింది. కులం కాయితం పోతుందన్న భయం లేనివాళ్ళే దాన్ని వాడుకోగలరు. వాడిదాకా అదింకా రాలేదు.